పొడుగావిడ వంటిల్లు

ఆ వంటిల్లు కట్టించుకున్న మనిషి పోయి చాలా ఏళ్ళయింది. అయినా గట్టు ఇంకా ఆవిడ నడుముకే సరిపోతుంది, గరిటెల కొక్కెం ఆవిడ చేతికే అందుతుంది, సామాన్ల అర తలుపు ఆవిడ ఎటు నిలబడేదో అటే తెరుచుకుంటుంది. ఆవిడ మంచి పొడగరి. పైగా పుర్రచేతి వాటం. మేస్త్రీ పక్కనే నిలబడి, 'ఇంకాస్త పైకి, ఇంకాస్త' అంటూ తన ఒంటికి తగ్గట్టు దగ్గరుండి కట్టించుకుందట. అందులో తప్పేముంది చెప్పండి? తన ఇల్లు, తన చెయ్యి. కాకపోతే ఆవిడ తరవాత ఆ వంటింట్లో అడుగుపెట్టిన మనిషి పొట్టిది, కుడిచేతి వాటంది. మన కథ ఈ పొట్టావిడది.

పొట్టావిడ అంటే ఆమెకేం కోపం రాదు. బట్టలు సరిచేసే దుకాణంలో అందరూ పిలిచేది ఆ పేరుతోనే. బజారు వీధిలో ఇరుకు దుకాణం, రెండు కుట్టుమిషన్లు, ఒక పెద్ద అద్దం. లావెక్కినవాళ్ళకి వదులు చేయడం, చిక్కినవాళ్ళకి బిగించడం, అన్న చొక్కా తమ్ముడికి తగ్గించడం, ఇదీ ఆమె పని. ప్యాంటు ఎక్కడ అరిగిందో చూసి ఆ మనిషి ఏ కాలు మీద బరువేసి నిలబడతాడో చెప్పేసేది. మనిషి ఎదురుగా ఉండక్కర్లేదు, విడిచిన బట్ట ఉంటే చాలు. పగలంతా ఊళ్ళోవాళ్ళ ఒళ్ళకి బట్టలు సరిపెట్టి, సాయంత్రం వచ్చి తనకి సరిపడని వంటింట్లో నిలబడేది. దీన్ని ఏమనాలో మీరే అనుకోండి.

కాపరానికి వచ్చిన కొత్తలోనే ఒక చెక్కపీట తెచ్చి గట్టు ముందు వేసుకుంది. పీటెక్కితే చెయ్యి అందుతుంది, దిగితే అందదు. గట్టు పైనున్న కిటికీలోంచి మాత్రం పీటెక్కినా ఆకాశమే కనబడేది. పొయ్యి దగ్గర నుంచి సింకు దగ్గరకి వెళ్ళాలంటే దిగడం, పీటని కాలితో నెట్టడం, మళ్ళీ ఎక్కడం. ఏళ్ళ తరబడి ఇదే వరస. భుజాలు ఎప్పుడూ చెవుల దాకా లేచి ఉండేవి, రాత్రి పడుకుంటే మెడ పట్టేసేది. మార్పిద్దామని ఒక్కనాడూ నోరు తెరిచి అడగలేదు. చచ్చిపోయినావిడ వస్తువు ముట్టుకోవడానికి తనెవరు?

ఆ పోయినావిడని ఆమె 'అక్క' అనేది. ముందు వచ్చిన ఇల్లాలు అక్కే కదా, ఉన్నా లేకపోయినా. మొదట్లో మనసులో అనుకునేది, తరవాత్తరవాత పైకే అనేసేది. అర తలుపు మూతికి తగిలినప్పుడు, "అబ్బా, అక్కా, కాస్త జరగకూడదూ!" అని కసిరేది. దయ్యమని కాదండీ. దయ్యమైతే ఒకసారి కనబడి, భయపెట్టి, దాని దారిన అది పోతుంది. ఇది అలా పోయేది కాదు. కూర కలుపుతుంటే వీపు వెనక ఎవరో నిలబడి 'అలా కాదు, ఇలా' అంటున్నట్టుండేది. తిరిగి చూస్తే గోడ. మళ్ళీ పొయ్యి వైపు తిరిగితే, మెడ మీద అదే చూపు.

ఇంటాయన నీళ్ళపంపుల కంపెనీలో గోడౌను చూస్తాడు. నోట్లో నాలుక లేని మనిషి. పెళ్ళాం పోయినప్పుడు నాలుగేళ్ళ పిల్లని చంకనేసుకుని దిక్కులు చూస్తుంటే, చుట్టాలే పూనుకుని ఈమెని కట్టబెట్టారు. ఆ పిల్ల ఇప్పుడు కాలేజీ రెండో ఏడు. తల్లి పోలికే, తాటిచెట్టులా ఎదిగింది. ఈమెని 'పిన్నీ' అంటుంది. ప్రేమగానే అంటుంది, ఏమాటకామాటే చెప్పుకోవాలి. ఈమెకి కడుపున పిల్లలు కలగలేదు.

ఈ మధ్య సింకు కింద గొట్టం కారి కారి గోడంతా చెమ్మెక్కింది. గట్టు బండ అడ్డంగా చీలింది. పాత ఇళ్ళ సంగతి తెలిసిందే, ఒకచోట వేలు పెడితే పదిచోట్ల రాలుతుంది. ఒకరోజు ఆయన టీ తాగుతూ, ఆ చీలిక వైపు చూసి, "మొత్తం తీయించి కొత్తది పెట్టిద్దామా? నీకు అనువుగా?" అన్నాడు.

'నీకు అనువుగా.' ఆ మాటకి ఆమె అలాగే పీట మీద కూలబడిపోయింది. వినపడలేదేమో అనుకుని ఆయన మళ్ళీ అన్నాడు, పాపం.

వంటిళ్ళు డిజైన్ చేసే అమ్మాయి ఆ వారంలోనే వచ్చింది. చలాకీ పిల్ల. ఆ అమ్మాయి పని తీరే వేరు. "మీకేం కావాలో అడగనండీ, అడిగితే అందరూ ఫొటోలో చూసిందే చెబుతారు. మీరు మామూలుగా వంట చేసుకోండి, నేను లేననుకోండి. చెయ్యి ఎటు పోతుందో చూస్తే ఏది ఎక్కడ పెట్టాలో నాకే తెలిసిపోతుంది," అంది. అని గుమ్మంలో నిలబడి, ఈమె చేతుల వంకే చూస్తూ ఏదో గీసుకుంది. ఈమె సిగ్గుపడుతూనే వంటంతా చేసింది. మధ్యలో ఆ అమ్మాయి వచ్చి నేల నుంచి మోచేతి దాకా టేపు పెట్టి కొలిచింది కూడా.

తరవాతి వారం బొమ్మలు తెచ్చి చూపించింది. తెల్లటి అరలు, మెత్తగా మూసుకునే సొరుగులు, మెరిసిపోయే గట్టు. ఈమె ఆశగా ముందుకి వంగి చూసింది. చూస్తూ చూస్తూ ఉండగా ఒళ్ళు జలదరించింది. గట్టు అదే ఎత్తు. అర తలుపు అటే తెరుచుకుంటోంది. గరిటెల కొక్కేలు అటువైపే. కొత్త బట్ట కట్టుకుని అక్క వంటిల్లే మళ్ళీ వచ్చి కూర్చుంది.

"ఇదేంటమ్మా, ఇలా గీశావు?"

"మీ పద్ధతికి తగ్గట్టే గీశానండీ. మీరు పుర్రచేతి వాటం కదా?"

"నేనా? నేను కుడిచేత్తోనే చేస్తాను తల్లీ, కత్తెర పట్టుకోవాలన్నా, రాయాలన్నా..."

ఆ అమ్మాయి తికమకపడింది. "మొన్న మొత్తం ఎడమచేత్తోనే చేశారండీ. కలపడం, వడ్డించడం, మూత తీయడం. నేను గంటసేపు చూశానుగా."

ఆమె తన చేతులు రెండూ ఒళ్ళో పెట్టుకుని చూసుకుంది. నిజమే. గడప దాటి వంటింట్లోకి వస్తే చాలు, కుడిచెయ్యి పక్కకి తప్పుకుంటోంది. ఎప్పటి నుంచో తనకే తెలీదు. ఆ కొలత కూడా తను పీట మీద ఉండగా తీసిందే, అంటే అది తన ఎత్తు కాదు, అక్క ఎత్తు. ఇన్నేళ్ళూ వెనకాల నిలబడిందనుకున్న మనిషి, వెనకాల లేదు. భయం వేసింది ఆమెకి, పట్టపగలు, పక్కన మనిషుండగా.

"మళ్ళీ కొలువమ్మా," అంది. లేచి గట్టు దగ్గరకి వెళ్ళి, పీటని కాలితో అవతలకి తన్నేసింది. "ఇదిగో, నేనిలా ఉంటాను. ఇంతే ఉంటాను."

ఆ అమ్మాయి గోడ మీద సుద్దముక్కతో కొత్త ఎత్తు గీసింది. 'ఇక్కడ గట్టు ఉందనుకుని చేతులు పెట్టండి' అంది. ఆమె ఒట్టికాళ్ళతో నేల మీద నిలబడి, లేని గట్టు మీద చేతులు ఆనించింది. భుజాలు వాటంతట అవే కిందకి దిగాయి. ఏడుపొచ్చింది. వంటగట్టు కోసం ఎవరైనా ఏడుస్తారా అని మీరు నవ్వుకోవచ్చు. ఇన్నేళ్ళు పీట మీద నిలబడి చూడండి, తెలుస్తుంది.

రాత్రి భోజనాల వేళ పిల్ల నీళ్ళకని వంటింట్లోకి వెళ్ళి, గోడ మీద సుద్దగీత చూసింది. కొత్త వంటిల్లు కట్టిస్తున్నారని అప్పుడే తెలిసి, మంచినీళ్ళ గ్లాసు చేత్తో పట్టుకునే వచ్చి బల్ల దగ్గర నిలబడింది.

"పిన్నీ, ఇంకెక్కడైనా కొట్టించండి. నా గది కొట్టించండి. వంటిల్లు మాత్రం వద్దు."

"అదేంటే? గోడ నానిపోయిందిగా."

"గోడ బాగు చేయిద్దాం. మార్చొద్దు. అమ్మ నాకు ఇంకెక్కడా గుర్తు లేదు. ఫొటోల్లో అమ్మ కదలదు. నాకు కదిలే అమ్మ ఒక్కచోటే ఉంది, ఆ గట్టు దగ్గర."

తండ్రి అన్నం కలపడం ఆపేశాడు. పొట్టావిడ కుర్చీలోంచి లేవబోయి కూర్చుంది. ఆ ఇంట్లో ఈ మాట ఎన్నడూ రాలేదు.

"ఏం గుర్తుందే?" అని మెల్లిగా అడిగింది.

పిల్ల కళ్ళు మూసుకుని చెప్పింది. "గాలివాన. కరెంటు పోయింది. ఉరుముతుంటే నేను ఏడుస్తూ వంటింట్లోకి పరిగెత్తాను. అమ్మ నన్ను ఎత్తి గట్టు మీద కూర్చోబెట్టింది. టార్చిలైటు నోట్లో కరుచుకుని, ఎడమచేత్తో గరిటె తిప్పుతోంది. వెలుతురు నా కళ్ళల్లో పడి అమ్మ మొహం కనబడలేదు. ఆ చెయ్యి మాత్రం కనబడింది. నోట్లో టార్చితోనే నాకేదో చెప్పింది, నాకు అర్థం కాలేదు. తరవాత నేను అమ్మ భుజం మీద తల పెట్టి నిద్రపోయాను. అంతే ఉంది నా దగ్గర."

పొట్టావిడకి ఒక్క క్షణం బల్ల, దీపం, మొగుడు ఏదీ కనబడలేదు.

ఎందుకంటే ఆ గాలివాన ఆమెది. కాపరానికి వచ్చిన కొత్త. అందని అర కోసం పొయ్యి మీదుగా చెయ్యి చాచి కుడి అరచెయ్యి కాల్చుకుంది. కట్టు కట్టుకుని, ఎడమచేత్తోనే తంటాలు పడుతోంది. ఆ పిల్ల అప్పటిదాకా ఆమె ఛాయలకి వచ్చింది లేదు. పిలిస్తే తలుపు వెనక దాక్కునేది, అన్నం పెడితే తోసేసేది. ఆ రోజు మాత్రం ఉరుముకి బెదిరి పరిగెత్తుకొచ్చి, తనంతట తనే రెండు చేతులూ పైకి చాచింది. ఎత్తుకోమని. ఆ పూట భుజం మీద పడ్డ ఆ చిన్న తల బరువుతోనే ఆమె ఇన్నేళ్ళు బతికింది. కడుపు పండలేదన్న దిగులు వచ్చినప్పుడల్లా ఆ బరువే తలుచుకునేది. మరి ఆ పిల్ల, అదే పూటని తీసుకెళ్ళి, ఇన్నేళ్ళుగా ఇంకొకరి ఒళ్ళో పెట్టి చూసుకుంటోంది.

అప్పుడు ఊరుకుంటే గొప్పగా ఉండేది, నిజమే. ఊరుకోగలిగిన మహాతల్లులు ఎక్కడైనా ఉంటే ఉంటారేమో. ఈమె మామూలు మనిషి.

"అది మీ అమ్మ కాదే!" అని అరిచేసింది. "అది నేను! నేనే! మీ అమ్మ పోయి అప్పటికే చాన్నాళ్ళయింది!"

పిల్ల గ్లాసు బల్ల మీద పెట్టి, చాలా నెమ్మదిగా అంది. "వంటిల్లు కొట్టించుకోవడం కోసం ఇంత మాటంటావని అనుకోలేదు పిన్నీ."

"నేను అబద్ధం చెబుతున్నానా?" ఆమె మొగుడి వైపు తిరిగింది. "మీరైనా చెప్పండి! నా చెయ్యి కాలలేదూ?"

ఆయన ఆ రోజు వానకి గోడౌనులో చిక్కుకుపోయాడు, ఇంట్లో లేడు. చెయ్యి కాలిన సంగతి ఆయనకి గుర్తే. ఆ ముక్క ఒక్కటి చెబితే సరిపోయేది. కూతురి మొహం చూశాడు, పెళ్ళాం మొహం చూశాడు, చివరికి కంచంలోకి చూశాడు. ఏం లాభం! పిల్ల గదిలోకి వెళ్ళి తలుపేసుకుంది.

ఆ తరవాత ఆ ఇంట్లో మనుషులు ముగ్గురూ నీడల్లా తిరిగారు. పొట్టావిడకి దుకాణంలో చెయ్యి ఆడలేదు. ఒకరి పొడుగు చేతులు ఇంకొకరి చొక్కాకి కుట్టేసింది. తను చెప్పింది నిజమే, కానీ ఆ నిజం ఎలాంటిది? ఆ పిల్లకి తల్లి అంటూ మిగిలిందే ఆ కాస్త. తను నోరు తెరిచి, పోయిన మనిషిని మళ్ళీ చంపినట్టయింది. ఇంటికొస్తే వంటింట్లోకి వెళ్ళాలంటే భయం. ఇదివరకు వెనక నిలబడి తప్పుపట్టే మనిషి ఇప్పుడు ఎదురుగా నిలబడి, నా బిడ్డని నా దగ్గర నుంచి లాక్కున్నావే అంటున్నట్టుండేది. ఎడమచెయ్యి గరిటె మీదకి పోతే ఉలిక్కిపడి వెనక్కి లాక్కునేది. కుడిచేత్తో పట్టుకుంటే సగం కూర గట్టు మీదే పడేది.

ఆదివారం మధ్యాహ్నం ఆమె తడిగుడ్డ తీసుకుని గోడ మీది సుద్దగీత తుడిచేసింది. డిజైన్ అమ్మాయికి ఫోన్ చేసి, "వద్దులేమ్మా, ఇంట్లో వద్దనుకున్నాం. గోడ ఒక్కటి బాగు చేయించుకుంటాం," అని చెప్పింది. తిరిగి చూస్తే పిల్ల గుమ్మంలో ఉంది.

"ఎందుకు వద్దన్నావు?"

"నువ్వు వద్దన్నావుగా."

"నీకు కావాలిగా."

ఆమె గుడ్డ పిండి సింకు అంచున వేసింది. "కావాలి. ఎందుకక్కర్లేదూ? నా భుజాలు చూడు. కానీ వంటింటి కోసం అబద్ధమాడానన్న మాట నీ నోట మళ్ళీ వినలేను. వంటిల్లు ఉంచుకోవే. రాయి కూడా కదపను. ఆ గాలివాన రోజు మాత్రం నాది. అది నేనివ్వను. నా దగ్గర అంతకంటే ఏమీ లేదు."

పిల్ల ఆమె మొహంలోకి చూసింది. తరవాత అక్కడే నేల మీద కూర్చుండిపోయింది.

"అయితే నిజంగా నువ్వేనా."

"నేనేనే తల్లీ."

"అయితే అమ్మ నాకు అస్సలు గుర్తు లేదన్నమాట," అంది పిల్ల. అని మోకాళ్ళలో తల పెట్టుకుని, చిన్నపిల్లలా వెక్కి వెక్కి ఏడ్చింది. పొట్టావిడ పక్కన కూర్చుని వీపు మీద చెయ్యి వేసింది. ఏమని ఓదారుస్తుంది? కాసేపటికి తనే లేచి, పిల్ల జబ్బ పట్టి లేపింది.

"లే. ఇటు రా. పీట తీశాను, ఇక్కడ నిలబడు."

పిల్ల నిలబడింది. గట్టు సరిగ్గా నడుము దగ్గరకి వచ్చింది.

"మోచెయ్యి పెట్టు. చూశావా, ఎలా కూర్చుందో? ఇది మీ అమ్మ మోచెయ్యి. ఈ అర తలుపు చూడు, ఇక్కడ రంగు పోయింది. నేనొచ్చేసరికే పోయి ఉంది. అక్కడ తుంటి ఆనించేది మీ అమ్మ, ఎడమవైపు. కాస్త ఒరిగి నిలబడేది. ఆఁ, అలాగే. కుడిచెయ్యి గోడకి పెట్టు. ఇంకా పైకి. రంగు వేయించేటప్పుడు అక్కడ గీకుతుంటే వేళ్ళ మచ్చలు కనబడ్డాయి. ఆ చెయ్యి గోడకి ఆనించి ఈ చేత్తో కలిపేది."

"నువ్వు అమ్మని చూడలేదుగా పిన్నీ."

"చూడకపోతేనేం? ఇన్నేళ్ళు ఆవిడ విడిచిన బట్టలో దూరి బతికాను, ఒళ్ళు తెలియదా నాకు? తొందర లేని మనిషి. అన్నీ చేతి దగ్గరే ఉండాలి, వెతుక్కోవడం గిట్టదు. సరే, ఇప్పుడు తలెత్తు. ఆ కిటికీలోంచి ఏం కనబడుతోందో చెప్పు. నాకు పీటెక్కినా ఆకాశం తప్ప ఇంకేం కనబడి చావదు. అంత పైన ఎందుకు పెట్టించిందా అని తిట్టుకోని రోజు లేదు."

పిల్ల తలెత్తింది. చూస్తూ ఉండిపోయింది.

"చెప్పవే."

"పెరడు. మొత్తం పెరడంతా. గేటు దాకా."

"నువ్వు అక్కడే ఆడేదానివట, అప్పుడప్పుడే నడక వచ్చి," అంది పొట్టావిడ. ఆ మాట అంటుంటే తనకీ అప్పుడే తెలిసినట్టయింది. "వంట చేస్తూ నిన్ను చూసుకోవడానికి పెట్టించుకుందే, ఆ కిటికీ."

పిల్ల ఏడవలేదు. గోడకి ఆనించిన చెయ్యి తీయకుండా, లేని పిల్ల కోసం వెతుకుతున్నట్టు ఆ పెరడంతా చూసింది. వంటింట్లో ఇద్దరే ఉన్నారు. ముగ్గురున్నట్టే ఉంది ఇద్దరికీ. ఈసారి భయం వేయలేదు, అంతే తేడా.

"కిటికీ ఒక్కటీ ఉంచుతావా?" అంది పిల్ల. "మిగతాదంతా నీకు సరిపడా కట్టించుకో."

"కిటికీకేం వచ్చింది, ఉంచుతాను. నాకెలాగూ కనబడదు."

ఇద్దరికీ నవ్వొచ్చింది. పొట్టావిడ టీ పెడదామని పాలు పొయ్యి మీద పెట్టి, గరిటె పిల్ల ఎడమచేతికి ఇచ్చింది. పిల్ల వచ్చీరాని చేత్తో తిప్పుతోంది. తిప్పుతూ తిప్పుతూ, తల తిప్పకుండానే అడిగింది.

"పిన్నీ, ఆ రోజు నోట్లో టార్చి పెట్టుకుని నాకేదో చెప్పావు. ఏం చెప్పావు?"

పొట్టావిడ గుర్తు తెచ్చుకుంది. తియ్యటి మాటొకటి అల్లి చెప్పవచ్చు, ఎవరొచ్చి కాదంటారు? నిజమే చెప్పింది.

"'చెయ్యి తియ్యవే, కాలుతుంది' అన్నాను. గిన్నె మీద చెయ్యి పెట్టబోయావు."

"అంతేనా?"

"అంతే. ఏమందనుకున్నావేం?"

పిల్ల గరిటె ఆపేసింది. "'వెళ్ళొస్తాను' అందేమో అనుకున్నాను. ఇన్నేళ్ళూ."

పొట్టావిడ పిల్ల వెనక నిలబడి ఉంది. ఆ ఎత్తుకి తన తల పిల్ల భుజం దాకా కూడా రాదు. అయినా వెనక నుంచి నడుం చుట్టూ చేతులు వేసి, వీపుకి చెంప ఆనించింది.

"నేనెక్కడికి వెళతానే, పిచ్చిమొహమా," అంది. "పాలు చూడు, అడుగంటుతున్నాయి."